వదిన లెక్క, మరిది లెక్క

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో ఒక రసాల తోట. మే నెల, కోత సగమైంది. తోట రైతుకు డెబ్బై దగ్గరపడ్డాయి. కుర్రతనం నుంచీ పటమట నాస్తిక కేంద్రం సభలకు పోయే మనిషి. వేసవికి చుట్టపుచూపుగా వచ్చిన ఆయన వదిన ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. నర్సు చదువు మాత్రం సిస్టర్ల దగ్గర చదివింది. ఆ పొద్దున పక్క ఊరి కాన్వెంటు సిస్టరు ఒకామె హాస్టలు పిల్లలకు ఆవకాయ పెట్టాలని గట్టు మీది నాటు చెట్ల పుల్లకాయ కొనుక్కెళ్లింది. ఆమె ఆటో మలుపు తిరగకముందే ఇక్కడ తగువు మొదలైంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాకు తోచింది ఉంటే కుండలీకరణాల్లో పెట్టాను.

వదిన: గంప కాయ ఊరికే కలిపావేమయ్యా! దేవుడు లేడనేవాడివి, దేవుడి మనిషికి కొసరేస్తావా?

మరిది: కొసరు పిల్లలకు. ఆవిడ బేరం చూశారుగా! నున్న మార్కెట్టులో దలారి కూడా అంత గట్టిగా ఆడడు. రేటు తగ్గించింది, గోనెసంచి కూడా నాదే పట్టుకుపోయింది.

వదిన: తన డబ్బయితే అంత గీచి బేరమాడేది కాదు. పిల్లల మెస్సు డబ్బు అది.

మరిది: అదే వదినా నా పేచీ. ఆవిడది కానిది ఆ డబ్బొక్కటే అయితే సరే. జీతం ఆవిడది కాదు, ఇల్లు ఆవిడది కాదు, వచ్చే ఏడు ఏ ఊళ్లో ఉండాలో ఆవిడ చేతిలో లేదు. పైనుంచి కాగితం వస్తే పెట్టె సర్దుకుని పోవాలి. దాన్ని మీరంతా త్యాగమంటారు. నా తోటలో ఎవరిచేతైనా అట్లా పని చేయించుకుంటే లేబర్ ఆఫీసరొచ్చి నన్ను కూర్చోబెడతాడు.

వదిన: నేనేదో మతమార్పిడి మాట తెస్తావనుకున్నా.

మరిది: అది వాట్సాప్ గొడవ. ఎస్సీ మనిషి క్రైస్తవంలోకి పోతే ఎస్సీ హోదా పోతుంది. బీసీ-సిలో పడేస్తారు, అక్కడున్నది ఒక్క శాతం. నష్టానికి మారినవాణ్ణి లాభానికి మారాడనడం నాకు చేతకాదు. మీరు వాళ్ల దగ్గర చదివినన్నాళ్లూ మిమ్మల్నెవరూ మార్చలేదుగా.

వదిన: ప్రతి ఏడూ పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి పొంగలి పెట్టుకునే వస్తున్నా. అప్పుడూ మానలేదు. పండక్కి ఇంటికెళ్లాలని సెలవడిగితే మా ప్రిన్సిపల్ సిస్టరు, తిరిగొచ్చేటప్పుడు ప్రసాదం తెమ్మంది.

మరిది: సరే, మంచావిడే. మంచావిడ అయినంత మాత్రాన పద్ధతి మంచిదవుతుందా? రోము ఏం చేసిందో మీకు తెలియదా? సిస్టర్లు కాన్పులు చెయ్యకూడదు, పూర్తిస్థాయి వైద్యం చెయ్యకూడదు, అది వాళ్ల వ్రతానికి తగదు అని ఆంక్ష. ఆ కట్టు తీసింది 1936లో. అప్పటిదాకా ఎంతమంది బాలింతలు పోయి ఉంటారు?

వదిన: ఆ సంగతి నీకంటే నాకు బాగా తెలుసు, మా హాస్టలు గోడ మీద మేరీ గ్లోరీ ఫొటో ఉండేది కాబట్టి. 1936 అన్నావు. ఆవిడ గుంటూరులో దిగింది 1920లో. మెల్‌బోర్న్‌లో 1910లో డాక్టరీ పాసైంది, కంటి వైద్యంలో మంచి పేరు, నగరం నడిబొడ్డున కాలిన్స్ స్ట్రీట్‌లో ప్రాక్టీసు. ఒకరోజు ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లండు డాక్టరు గురించి చిన్న పుస్తకం చదివింది. పరదాలో ఉన్న ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి చూపించలేక చచ్చిపోతున్నారని ఆ మెక్లారెన్ రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించి, సిస్టర్లను డాక్టర్లు కానివ్వమని రోము చుట్టూ తిరిగిన మనిషి. అది చదివి ఈవిడ 1919లో ఎం.డి. కూడా చేసి, గుంటూరు జె.ఎం.జె. సిస్టర్లలో చేరింది. పోపు పదిహేనో బెనెడిక్టు దగ్గర ప్రత్యేకంగా అనుమతి వచ్చింది. అంటే నువ్వు చెప్పే ఆంక్షను పదహారేళ్ల ముందే దాటింది గుంటూరులో.

మరిది: దాటించుకోవడానికి పోపు సంతకం కావాల్సొచ్చిందిగా! డాక్టరుకు వైద్యం చెయ్యడానికి పర్మిషనా?

వదిన: కావాల్సొచ్చింది. తెచ్చుకుంది. అడక్కుండా మెల్‌బోర్న్‌లో కూర్చుంటే గుంటూరు ఆడవాళ్లకేం ఒరిగేది?

(ఇక్కడ మరిది కాసేపు ఆగాడు. చిక్కంతో కాయ దింపుతున్న కుర్రాడి మీద అరిచాడు, తొడిమ తెగి సొన కారితే కాయ మచ్చపడుతుందని. మాట దొరకనప్పుడు కూలీల మీద అరవడం రైతులకు అలవాటే.)

మరిది: ఒక దొరసాని కథ చెప్పి నన్ను కట్టేయకండి. జె.ఎం.జె. డచ్చి దేశం సంఘం, గ్లోరీ ఆస్ట్రేలియా డాక్టరు. అంతా బయటివాళ్ల దయ. మన ఆడవాళ్లు ఇందులో ఎక్కడున్నారు?

వదిన: జ్ఞానమ్మ పేరు విన్నావా?

మరిది: లేదు.

వదిన: విని ఉండవులే. ఫిరంగిపురంలో 1822లో పుట్టింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, భర్త పోయాడు. తమిళనాడులో కీళచ్చేరి అని మన తెలుగువాళ్లు వలసపోయి స్థిరపడ్డ ఊరుంది. అక్కడికి చేరి ఆడపిల్లలకు బడి పెట్టింది. ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ సిస్టర్లు, మద్రాసు సెయింట్ ఆన్స్ సిస్టర్లు ఇద్దరూ ఆవిడే మా తల్లి అంటారు. దొరసాని కాదు, పోపు ఉత్తరమూ లేదు. పిల్లల తల్లి, వితంతువు, తెలుగు మనిషి. 1874లో పోయింది.

(1874. ఆ ఏడే వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ బడి ఉంది, ఉండాల్సిందే. వితంతువులను ఉద్ధరించిన మగవాళ్ల చరిత్ర మనకు కంఠతా వచ్చు. తానే వితంతువై, మళ్లీ పెళ్లి ఊసు లేకుండా, ఊరి ఆడపిల్లలకు పలక పట్టించిన మనిషి కథ మాత్రం చర్చి గోడ దాటి బయటికి రాలేదు. ఇందులో చర్చి తప్పెంతో మన తప్పూ అంతే.)

మరిది: ఈ మాట నాకు నచ్చింది. ఆవిడ సిస్టర్లకు తల్లి గనక గొప్పదని కాదు, బడి పెట్టింది గనక. మన గోరాగారూ సరస్వతిగారూ 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు వాళ్లకు ఏ దేవుడి జీతం ఉంది? దుర్గాబాయమ్మ ఆంధ్ర మహిళా సభ పెట్టి ఎంతమందికి చదువు చెప్పించింది, నర్సులను చేసింది! సేవకు దేవుడక్కర్లేదనడానికి మన కృష్ణా జిల్లా గోరాగారే చాలు.

వదిన: మనది ఇప్పుడు ఏలూరు జిల్లా.

మరిది: 2022లో గీత మార్చారు గానీ తోట జరగలేదుగా.

వదిన: సరే, గోరాగారికి, దుర్గాబాయమ్మకు దణ్ణం. అట్లాంటివాళ్లు ఎంతమంది? నాస్తిక కేంద్రం ముదునూరు నుంచి పటమట వచ్చింది, బెజవాడ జనానికి అందుబాటులోకి. బాగుంది. మరి చాట్రాయికి ఎవరొచ్చారు? ముసునూరుకు? పెద్ద మనిషి పుడితే పని జరుగుతుంది, పోతే ఆగుతుంది. సిస్టర్ల దాంట్లో పెద్ద మనిషి అక్కర్లేదు. ఒకావిడ జబ్బుపడితే ఇంకొకావిడ వస్తుంది. ఆవిడకు మందుల బీరువా తాళాలు, రోగుల పుస్తకం అప్పగించి పోతారు. డిస్పెన్సరీ ఒక్కరోజు మూతపడదు. నువ్వు పెట్టె సర్దుకుని పోవాలని ఎగతాళి చేశావే, ఆ బదిలీయే దాన్ని నిలబెట్టింది.

మరిది: మిలిటరీ కూడా అట్లాగే నిలబడుతుంది.

వదిన: మిలిటరీ అనుకో. పీహెచ్‌సీలో నాతో పనిచేసిన డాక్టర్లలో రాత్రి ఊళ్లో పడుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రం బస్సుకు బెజవాడ. వాళ్లను తిట్టను, వాళ్లకూ పిల్లలున్నారు, చదువులున్నాయి. కాన్పు నొప్పులు మాత్రం బస్సు టైము చూసుకుని రావు.

మరిది: అందుకే ప్రభుత్వాన్ని నిలదీయాలంటాను. రాత్రి డాక్టరుండటం మన హక్కు. సిస్టరు ఉంది కదా అని ఊరు ఆ హక్కు అడగడం మానేసింది. మీ వాళ్ల మంచితనం ప్రభుత్వానికి సాకైంది.

వదిన: హక్కు అడుగు, వద్దనను. అది వచ్చేలోపు రక్తం పోతున్నదాని సంగతేంటి?

మరిది: ఎవరిది?

వదిన: చదువుకునే రోజుల్లో నా మొదటి నైట్ డ్యూటీ. బిడ్డ బయటపడింది, మాయ పడింది, అంతా అయిందనుకుని నేను తువ్వాళ్లు తియ్యడానికి తిరిగాను. వెనక మంచం మీద నుంచి చుక్కచుక్కగా నేల మీద చప్పుడు. తల్లికి రక్తం ఆగట్లేదు. నాకు కాళ్లు వణికాయి. పక్క గదిలో నుంచి సిస్టరొచ్చింది, ముసలావిడ, చేతి వేళ్లు వంకర్లు తిరిగి ఉండేవి. నా చెయ్యి పట్టుకుని ఆ తల్లి పొత్తికడుపు మీద పెట్టి, తన చెయ్యి నా చేతి మీద పెట్టింది. గుండ్రంగా రుద్దు, ఆపకు అంది. మొదట మెత్తటి పిండిలా తగిలింది. రుద్దగా రుద్దగా గర్భసంచి గట్టిపడి రాయిలా నా అరచేతికి కొట్టుకుంది. ఆ గట్టితనం గుర్తుపెట్టుకో, అది వచ్చేదాకా చెయ్యి తియ్యకు, ఈలోపు ఇంజక్షన్ నేనిస్తా, అంది. బిడ్డను రొమ్ముకు పట్టించమని ఆయాకు చెప్పింది. అదీ పాఠం. పుస్తకంలో అరపేజీ ఉంటుంది.

మరిది: బతికిందా?

వదిన: బతికింది. తర్వాత విస్సన్నపేట వైపు పనిచేసిన రోజుల్లో నేను అదే చెయ్యి ఎన్ని కడుపుల మీద పెట్టానో! నా దగ్గరకొచ్చిన ప్రతి ఏఎన్ఎమ్ పిల్ల చెయ్యి పట్టుకుని అట్లాగే పెట్టించాను. వాళ్లలో సిస్టర్ల మొహం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. కానీ ఆ పట్టు వాళ్లదే. గ్లోరీ కూడా చేసింది ఇదే. గుంటూరులో ఏళ్ల తరబడి వాళ్లకు డాక్టరంటే ఆవిడొక్కతే. అందుకని మన పిల్లలనే కూర్చోబెట్టి మందులు కలపడం, కాన్పు చెయ్యడం, రోగిని కనిపెట్టుకుని ఉండటం నేర్పింది. నువ్వు భవనాలు లెక్కపెడుతున్నావు. నేను చేతులు లెక్కపెడుతున్నా.

(మరిది భవనాల మాట ఎత్తనే లేదు. వదిన తగువులో గెలవడానికి ఎదుటివాడు అననిది కూడా అంటగడుతుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు.)

మరిది: చేతులే లెక్కపెడదాం. ఆ చేతులకు ఎంతిచ్చారు? మీరే ఇదివరకు చెప్పారుగా, స్టైపెండు ఎంతో, క్రమశిక్షణ ఎంతో!

వదిన: దాచను. నేను చదివినచోట ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం విప్పి చదివి ఇచ్చేవాళ్లు. గట్టిగా నవ్వితే పనిష్‌మెంటు. రాత్రంతా డ్యూటీ చేసొచ్చి క్లాసులో కునికితే నిలబెట్టేవాళ్లు. చదువయ్యాక అక్కడే ఉండమన్నారు. ఇచ్చే జీతం విని నేను ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నా. వెళ్తానంటే మా ప్రిన్సిపల్ సిస్టరు మొహం ముడుచుకుంది. సేవాభావం లేదంది. ఆ మాట నాకిప్పటికీ మండుతుంది.

మరిది: ఇదీ నేను చెప్పేది! తాము జీతం తీసుకోరు గనక పక్కవాళ్లు అడిగితే తప్పుగా కనిపిస్తుంది. ఆ అలవాటే దేశమంతా పాకింది. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల గోస చూడలేక సుప్రీంకోర్టు చెబితే 2016లో కమిటీ వేశారు. ఎంత చిన్న ఆసుపత్రైనా ఇరవై వేలకు తక్కువ ఇవ్వొద్దని ఆ కమిటీ చెప్పింది. మన చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో అడిగి చూడండి.

వదిన: నర్సింగ్ హోముల పాపం కూడా సిస్టర్ల నెత్తినే వేస్తావా? వాళ్లెవరూ వ్రతం పట్టలేదు. లాభం పట్టారు.

మరిది: పోనీ చదువుల సంగతి చూద్దాం. ఏలూరు సెయింట్ థెరిసా కాలేజీ 1953, బెజవాడ మేరీస్ స్టెల్లా 1962. ఆడపిల్లను మగపిల్లల కాలేజీకి పంపం, సిస్టర్ల దగ్గరైతే పంపుతాం అని మన ఊళ్లలో పెద్దలు ఒప్పుకున్నారు. మంచిదే. కానీ ఒప్పుకున్నది దేనికి? గేటు దగ్గర కాపలా ఉంటుందని. అంటే మన కట్టుబాటును సిస్టర్లు కొట్టలేదు, దానికి తాళం వేసి ఇచ్చారు.

వదిన: తాళం వేశారు నిజమే. తాళం వేసిన గదిలో ఫిజిక్స్ ల్యాబుంది. నా కూతురు స్టెల్లాలో చదవకపోతే మీ అన్నయ్య ఇంటర్‌తో ఆపించేసేవారు. ఆ కాపలా చూపించే కదా నేను ఒప్పించింది!

మరిది: ఇప్పుడా పిల్ల ఆస్ట్రేలియాలో.

వదిన: మెల్‌బోర్న్‌లోనే. ఒకప్పుడు మెల్‌బోర్న్ డాక్టరు గుంటూరొచ్చింది. ఇప్పుడు మన నర్సులు, మన ఇంజనీర్లు అక్కడికి పోతున్నారు. మన ఊళ్లో కూర్చోవడానికి ఎవరూ లేరు. కాన్వెంట్లలో కూడా చేరేవాళ్లు తగ్గారు. ఇద్దరు పిల్లల్ని కనేచోట ఒకర్ని ఎవరిస్తారు?

మరిది: చూశారా, ఒకావిడ పోతే ఇంకొకావిడ వస్తుందన్నారు, అది ఆగిపోతోంది.

వదిన: ఆగట్లేదు. 1943లో యుద్ధం నడుస్తుండగా పదహారు మంది సిస్టర్లు కూర్చుని ఆసుపత్రుల సంఘం పెట్టుకున్నారు. గ్లోరీయే మొదటి అధ్యక్షురాలు. ఇప్పుడు ఆ సంఘం ఆఫీసు సికింద్రాబాదులో ఉంది, మూడున్నర వేలకు పైగా సంస్థలున్నాయి. ఎక్కువభాగం పేరు కూడా వినని ఊళ్లలో చిన్న డిస్పెన్సరీలే. మనవాళ్లకు సొంత మెడికల్ కాలేజీ ఉండాలని ఆవిడ కలగంది. 1957లో క్యాన్సరుతో బెంగళూరులో పోయింది. ఆ ఊళ్లోనే 1963లో సెయింట్ జాన్స్ కాలేజీ తెరిచారు. తాను చూడలేదు.

మరిది: ఆ కాలేజీ ఎవరి చేతిలో ఉంది? బిషప్పుల చేతిలో. పని సిస్టర్లది, పెత్తనం ఫాదర్లది. ఏ కాన్వెంటు బడికైనా వెళ్లి శిలాఫలకం చూడండి. పైన బిషప్పు పేరు, కింద ఎమ్మెల్యే పేరు. ఇటుకలు మోయించినావిడ పేరుండదు. కొచ్చిలో 2018లో సిస్టర్లు రోడ్డు మీద టెంటు వేసుకుని ఒక బిషప్పు మీద న్యాయం అడిగారు. ఆ పిల్లలకు తోడు నిలిచిన పెద్దలెంతమంది? 2022లో కింది కోర్టు ఆయన నిర్దోషి అంది, కోర్టు సంగతి కోర్టుది. నేనంటున్నది ఆ టెంటు సంగతి. ఊరందరికీ అండ అన్నవాళ్లు తమకు అండ కావాల్సొచ్చినప్పుడు రోడ్డెక్కాల్సొచ్చింది.

వదిన: దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ టీవీ చూసినరోజు నాకు అన్నం దిగలేదు. ఫాదరొస్తే లేచి నిలబడి, ఆయన తిన్నాక తినే సిస్టర్లను నేను చూశాను. యాభై మంచాల వార్డును కంటిచూపుతో నడిపే మనిషి, ఆయన ముందు తల వంచుకుని కాఫీ గ్లాసు పట్టుకునేది. నాకప్పుడే తిక్కపుట్టేది.

మరిది: ఆ మాత్రం ఒప్పుకున్నారు, చాలు.

వదిన: చాలదు. తల వంచిన సంగతి చెప్పాను గనక, మిగతాదంతా బానిసత్వమని రాసుకోకు. ఆ మనిషే మర్నాడు రోగి తరఫున సర్జనుతో పోట్లాడి ఆపరేషన్ ఆపించింది.

మరిది: నేను ఏదీ కొట్టెయ్యను. నాకు కావాల్సింది ఒక్కటి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, చదివారా? ప్రభుత్వ సాయంతో నడిచే బళ్లలో టీచర్లుగా చేసే సిస్టర్ల జీతానికి కూడా టీడీఎస్ పట్టాల్సిందే అంది. అంతకుముందు ఏళ్ల తరబడి పట్టేవాళ్లు కాదు. మేం పేదరిక వ్రతం తీసుకున్నాం, జీతం మాది కాదు, సంఘానిది అన్నది వాళ్ల వాదన. తీసుకున్నాక ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం, జీతం మాత్రం మీకే వచ్చినట్టు లెక్క అని కోర్టు మాట. చర్చివాళ్లు బాధపడ్డారు. నాకు సంతోషమేసింది. పన్ను పోతే పోయింది, ఈ పని ఈవిడ చేసింది, దీని ఖరీదు ఇంత అని మొదటిసారి ఒక కాగితం మీద పడింది.

వదిన: ఖరీదు కట్టించుకోవడానికి వాళ్లు వెళ్లలేదయ్యా.

మరిది: పద్దెనిమిదేళ్ల పిల్ల, ఊరొదిలి, పేరు మార్చుకుని, నాకేమీ వద్దు అని సంతకం పెడితే దాన్ని ఇష్టపడి చేసిందంటారా?

వదిన: సంతకం ఒక్కరోజులో అవదు. ముందు చూస్తారు, తర్వాత నొవిషియేటు, ఆ తర్వాత కొన్నేళ్లకని వ్రతం. అది దాటి ఏళ్లు గడిచాక గానీ చివరి వ్రతం ఇవ్వరు. ఈలోపు ఎప్పుడైనా పెట్టె సర్దుకుని ఇంటికి పోవచ్చు. నాకు తెలిసినావిడ పోయింది, పెళ్లి చేసుకుంది, నలుగురు పిల్లలు. నాకు మీ అన్నయ్యను చూపించిన పూటే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆలోచించుకోమని నాకెన్నేళ్లిచ్చారు?

మరిది: అన్నయ్యను మధ్యలోకి లాగుతారేంటి!

వదిన: లాగింది నువ్వే. జీతం లేని చాకిరీ అని మొదలుపెట్టింది ఎవరు? ఈ తోటకు పూత పట్టిన దగ్గర్నుంచి కోత అయ్యేదాకా కావలివాళ్లకు, కూలీలకు, లారీవాళ్లకు వండి వార్చేది నీ పెళ్లాం. మందుల ఖర్చు, ట్రేల ఖర్చు, గడ్డి ఖర్చు అన్నీ రాస్తావుగా. ఆవిడది ఏ పద్దులో రాశావో పుస్తకం తీసుకురా, చూద్దాం.

మరిది: పద్దు లేదు వదినా. అందుకే సిస్టర్లకైనా ఉండాలంటున్నా.